ఒక్కదానివే ఫ్లాటులో దిగుతున్నావట

చిట్టీ,

హాస్టల్ ఖాళీ చేసి కూకట్‌పల్లిలో ఒక్కదానివే సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకుంటున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడు చేసింది నీకు నాలుగు చివాట్లు పెట్టమని. నేనేమో ఫోన్ పెట్టేసి మీ మామయ్యతో "చూశారా, మా పుట్టింటి పిల్ల సొంత జీతంతో ఇల్లు అద్దెకి తీసుకుంటోంది" అని గొప్పలు పోయాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నా.

అగ్రిమెంటు చదివాకే సంతకం పెట్టు. తాళం కొత్తది వేయించు, పాతదానికి ఎన్ని తాళంచెవులు తిరుగుతున్నాయో ఓనరుక్కూడా తెలీదు. ఆపదొస్తే ఫోన్లో 112 నొక్కాలని గుర్తుంచుకో. ఇవన్నీ నీకు తెలిసినవే, చెప్పకపోతే నాకు తోచదు కాబట్టి చెప్పాను.

"అక్కడ ఎవరి గొడవ వాళ్ళది, హాయిగా ఉంటుంది" అన్నావట మీ అమ్మతో. ఆ హాయి నాకు తెలీదనుకోకే. అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు క్లాసు ఎగ్గొట్టి మ్యాట్నీకి వెళ్తే, నేను బస్సు దిగేలోపే సినిమా పేరుతో సహా మా అమ్మకి తెలిసిపోయింది. పెళ్ళయ్యాక 1991లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి కాపరానికి వచ్చి, మొదటి నెలంతా కూరగాయల సంచి పట్టుకుని ఊరికే తిరిగాను. నాలుగు వీధులు తిరిగి పావుకిలో బెండకాయలు తెచ్చుకున్నా "ఎక్కడికమ్మాయ్ ఇంతసేపు" అని ఒక్కరడిగితే ఒట్టు. స్వర్గంలా ఉండేది. కానీ మనిషిని ఇక్కడికి వచ్చేశానే గానీ నా నోరు మాత్రం ఇంకా మన ఊరు అంబాజీపేట దగ్గరే ఉండిపోయింది.

ఇది మీ నాన్నక్కూడా తెలీదు. 1993 సంక్రాంతికి మామయ్యకి సెలవు దొరక్క మేం ఇక్కడే ఉండిపోయాం. పండక్కి హైదరాబాద్ ఎంత ఖాళీ అవుతుందో నీకు తెలుసు కదా, ఊరెళ్ళేవాళ్ళు స్టేషన్లో చెప్పి వెళ్ళండని ఇప్పుడు పోలీసులే మొత్తుకుంటున్నారు. నాకు అప్పట్లో ఆ ఊహే లేదు. పక్క పోర్షన్ వాళ్ళు రాజోలు వెళ్ళారు. భోగికి ముందురోజు మధ్యాహ్నం ఒకాయన స్కూటర్ మీద వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. "సార్ లేరాండీ?" అన్నాడు. "ఆయ్, పండక్కెళ్ళారండి, ముక్కనుమ దాటితే గానీ రారండి" అన్నాను. మన ఊళ్ళో అయితే అంతే కదా, అడిగినవాడికి చెప్పకపోతే తప్పు. "మీది కోనసీమ యాసలా ఉందండి, మాది రావులపాలెం" అన్నాడు. ఇంకేముంది, రెండేళ్ళుగా ఆ యాస వినక మొహం వాచి ఉన్నానేమో, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. వాళ్ళెవరితో వెళ్ళారు, ఇంట్లో ఎవరైనా ఉన్నారా, అన్నీ నేనే చెప్పాను. కాఫీ తాగి గ్లాసు పంపు కింద కడిగి గట్టుమీద బోర్లించి మరీ వెళ్ళాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

కనుమ నాడు పొద్దున్నే చూస్తే వాళ్ళ తలుపు గొళ్ళెం ఊడదీసి ఉంది. ఆవిడ గాజుల జత, పాప అన్నప్రాసననాటి వెండిగిన్నె పోయాయి. ఆయనే తీశాడని నేను చూడలేదు. కానీ పోలీసు వచ్చి "కొత్తవాళ్ళెవరైనా వచ్చారామ్మా?" అని అడిగితే, నా వెనకాల గట్టుమీద ఆ గ్లాసు ఇంకా బోర్లించే ఉంది, నేను "ఎవర్నీ చూడలేదండి" అన్నాను. పక్కింటావిడ నా భుజం మీద తలపెట్టి ఏడుస్తుంటే కూడా నోరు విప్పలేదు. అదే మా ఊళ్ళో అయితే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు "నువ్వే కదే కాఫీ ఇచ్చావు" అని బయటపెట్టేవాళ్ళు, పదిమందీ తిట్టేవాళ్ళు, నేనూ ఏడ్చేదాన్ని, పోయేది. ఇక్కడ చూసినవాడు ఒక్కడూ లేడు కాబట్టి ఇన్నేళ్ళూ నాలోనే ఉండిపోయింది. ఎండాకాలంలో వాళ్ళు ఖాళీ చేస్తూ తులసికుండీ నా చేతికిచ్చి "నీళ్ళు పోస్తూ ఉండండి" అందావిడ. రోజూ పోశాను. ఒక్క ఉత్తరమ్ముక్క రాయలేకపోయాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు తలుపు తీయడమే మానేశాను, అదీ తప్పే. మామయ్యకి మలేరియా జ్వరం వచ్చి వణికిపోతుంటే ఎవర్ని పిలవాలో తెలీలేదు, ఎవరి పేరూ తెలీదు మరి. 1986 గోదావరి వరదకి మనింట్లో నడుంలోతు నీళ్ళొస్తే ఐదు కుటుంబాలం ఒకే డాబా మీద పడుకున్నామే, నీళ్ళు తీసేశాక ఎవరి చెంబు ఎవరింట్లో ఉందో ఏడాది దాకా తేలలేదు, అలాంటి ఊరినుంచి వచ్చినదాన్ని!

కాబట్టి విను. తెలియనివాళ్ళు ఎంత మర్యాదగా అడిగినా పక్కవాళ్ళ సంగతి చెప్పకు, ఒక్కదాన్నే ఉంటున్నానని అసలే చెప్పకు. మన యాసలో మాట్లాడితే మరీ జాగ్రత్త. నవ్వకే, నిజంగానే చెప్తున్నా. కానీ ఎదురు ఫ్లాటువాళ్ళ పేరు, వాచ్‌మన్ భార్య పేరు మొదటి వారంలోనే తెలుసుకో. ఊరెళ్తే ఆ ఇద్దరికే చెప్పు. ఒకవేళ నీవల్ల ఏదైనా పొరపాటు జరిగితే ఆ పూటే వెళ్ళి చెప్పెయ్యి, తిడితే తిట్టించుకో.

మీ నాన్నతో ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు పంపిస్తున్నా. ఒకటి ఎదురు ఫ్లాటువాళ్ళకి. రెండూ నువ్వే తినేస్తావని నాకు తెలుసు, అందుకే ఆ పెట్టెమీద పెన్నుతో రాశాను కూడా, "ఇది నీది కాదు" అని.

నీ అత్త