సంఘం ఎన్నికలకు ఒకే ఓటా, ప్రాధాన్య ఓటా?

ముగ్గురు నలుగురు పోటీపడే సంఘం ఎన్నికలకు ఏ పద్ధతి మేలు, బ్యాలెట్ ఎలా ఉండాలి అని అడిగారు. ఉద్యోగుల సంఘం ఓట్ల లెక్కింపులో కూర్చుని రెండు రకాలూ చూశాను. నా మాట వింటే, పద్ధతి గురించి తర్జనభర్జన కాస్త తగ్గించి కాగితం సంగతి చూడండి.

ఒకే ఓటుతో వచ్చే చిక్కు తెలిసిందే. వందలో 40, 35, 25గా చీలితే, మిగతా 60 మందికీ గిట్టని మనిషి గెలవవచ్చు. 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాయిస్తే, 25 వచ్చిన అభ్యర్థిని తప్పించి ఆ ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. మన రాష్ట్రపతి ఎన్నికకూ ప్రాధాన్య ఓటే. అలాగని ఇదేమీ లోపం లేనిది కాదు. 2009లో అమెరికాలోని బర్లింగ్టన్ మేయర్ ఎన్నికలో, ముఖాముఖి పోటీలో ఎవరినైనా ఓడించగలిగిన అభ్యర్థే మొదటి ప్రాధాన్యాలు చాలక చివరి రౌండుకు చేరకముందే తప్పుకోవాల్సి వచ్చింది.

అసలు గొడవ లెక్కింపులో మొదలవుతుంది. అంకె వేయమంటే టిక్కు పెట్టినవారు, ఇద్దరికీ 1 వేసి ఇద్దరినీ మెప్పించాలనుకున్నవారు సరేసరి. ఒక కాగితంలో 1 అంకె సరిగ్గా రెండు గడుల మధ్య గీత మీద పడింది. తల పై గడిలో ఉందని ఒక ఏజెంటు, కాలు కింది గడిలో ఉందని ఇంకో ఏజెంటు. దాన్ని లైటుకు ఎత్తి మరీ వాదించుకున్నారు! తర్వాతి ఎన్నికకు గడుల మధ్య వేలెడు మందాన నల్లపట్టీ వేయించారు. ఆ రకం తగాదా మళ్లీ రాలేదు.

2000 అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్ కౌంటీ బ్యాలెట్‌లో పేర్లు రెండు పుటల్లో, రంధ్రాలు మధ్యలో ఉన్నాయి. ఎడమ పుటలో రెండో పేరు బుష్ ప్రధాన ప్రత్యర్థి గోర్‌ది, కానీ రెండో రంధ్రం కుడి పుటలోని చిన్న పార్టీ అభ్యర్థి బుకానన్‌ది. అక్కడ బుకానన్‌కు 3,407 ఓట్లు పడ్డాయి, గోర్‌కనుకుని పొరపాటున వేసినవే వాటిలో చాలా ఉన్నాయంటారు. మొత్తం రాష్ట్రంలో గోర్‌పై బుష్ ఆధిక్యం 537 ఓట్లే. మన స్వస్తిక్ ముద్రలో ఉన్న తెలివి చూడండి: కాగితం మడిచినప్పుడు సిరా అంటుకుంటే గుర్తు తిరగబడి కనిపిస్తుంది కాబట్టి అసలు ఓటేదో తేలిపోతుంది. ఇక పేర్ల వరుసంటారా, ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అయితే ఒక్కో బ్యాలెట్‌పై ఒక్కో క్రమంలో అచ్చు వేస్తారు, పైనున్నవారికి అయాచిత లాభం కలగకుండా.

మీ సంఘానికైతే నేను మూడో దారి చెబుతాను: నచ్చినవారందరికీ టిక్కు పెట్టమనండి. పాత కాగితమే సరిపోతుంది, ఎక్కువ టిక్కులున్నాయని ఓటు చెల్లకుండా పోదు. పట్టుదల గల వర్గాలుంటే మాత్రం ఎవరి మనిషికి వారే టిక్కు పెట్టుకుని ఒకే ఓటుగా మార్చేస్తారు. అప్పుడు ప్రాధాన్య ఓటే నయం. ఏదైనా సరే, అచ్చుకు ముందు నమూనాను సంఘంతో సంబంధం లేని కొందరి చేతికిచ్చి, నోరు మెదపకుండా గమనించండి. ఏ గుర్తు చెల్లుతుందో, ఏది చెల్లదో పెట్టె తెరవకముందే రాసి అన్ని వర్గాల ఏజెంట్లతో సంతకాలు పెట్టించండి.