చదువుకునే పిల్లాడికి ఇంటి పని చెప్పొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఇంట్లో పూచికపుల్ల తీసి పక్కన పెట్టడు. పని చెబితే చదువు దెబ్బతింటుందని మావారు నన్ను ఊరుకోమంటారు. ఏడో తరగతి చదివే వాడి చెల్లెలు మాత్రం అడక్కుండానే సాయం చేస్తుంది. ఇంటర్‌కు రెసిడెన్షియల్ క్యాంపస్‌లో వేస్తే బాధ్యత దానంతటదే వస్తుందంటున్నారు. ఇంట్లో ఉంచి చదివించడం మంచిదా, హాస్టలా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, హాస్టల్ సంగతి అడిగారు గానీ, వాడిని గారాబంతో పాడుచేశామేమో అన్నది మీ అసలు టెన్షన్. మొక్కై వంగనిది మానై వంగునా అని దిగులు పడకండి. పదిహేనేళ్లవాడు ఇంకా మొక్కే.

హాస్టల్లో బాధ్యత వస్తుందన్న మాట మీద నాకు ఎప్పటినుంచో అనుమానం. అక్కడ లేపడానికి వార్డెన్, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టడానికి ఇన్‌ఛార్జి, వండిపెట్టడానికి మెస్, చాలాచోట్ల బట్టలకు లాండ్రీ. ఇక పిల్లాడు సొంతంగా చూసుకోవాల్సింది ఏం మిగిలింది? ఇంజినీరింగ్‌లో చేరాక లేపేవాళ్లుండరు. మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు కూడా మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగులతో నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు లెక్కలు రాక కాదు, తమ రోజును తాము నడుపుకోవడం రాక. హాస్టళ్లన్నీ ఒకటే అనను. 1971లో తెలంగాణలోని సర్వేల్ అనే ఊళ్లో మొదలైన ప్రభుత్వ గురుకుల పద్ధతిలో పిల్లలు బట్టలు ఉతుక్కుంటూ, కంచాలు కడుక్కుంటూ చదువుకున్నారు. మీకు చూపిస్తున్న క్యాంపస్ అలాంటిది కాదు.

ఒక మాట కటువుగానే అడుగుతాను. అంట్లు తోమితే కొడుకు చదువు దెబ్బతింటుందన్నప్పుడు, కూతురి చదువు దెబ్బతినదా? ఆ పిల్లా పరీక్షలే రాస్తోంది. పని ఎవరిదో, చదువు ఎవరిదో మీ ఇంట్లో ఇద్దరూ ఈపాటికే నేర్చేసుకున్నారు. అది ముందు సరిచేయండి. మీవారు కూడా తన కంచం తాను తీయాలి. తండ్రి సోఫాలోంచి లేవకుండా కొడుకుని లేవమంటే వాడు వినడు.

ఇక వాడికి పదిరకాల పనులు పురమాయించకండి. రోజూ చేయాల్సింది ఒక్కటి పూర్తిగా వాడి చేతికి వదలండి. రాత్రి అన్నం వండే పని అనుకోండి. బియ్యం కడగడం, గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు పోయడం, విజిల్స్ లెక్కపెట్టి స్టవ్ కట్టేయడం ఒకసారి పక్కన నిలబడి చూపించండి. చేతిపని అరగంట కూడా ఉండదు. మొదట్లో ముద్దయిపోతుంది, ఒకరోజు మర్చిపోతాడు. అప్పుడు మీరు గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్లకండి. ఆ రాత్రి అందరూ ఆలస్యంగా తినండి. తిట్టక్కర్లేదు. దీనికి డబ్బులివ్వద్దు. మార్కులు తగ్గితే గిన్నెలు తోమిస్తానని బెదిరించనూ వద్దు, పనంటే శిక్ష అనుకుంటాడు.

వాడి పేరున బ్యాంకు ఖాతా కూడా తెరవండి. పదేళ్లు దాటిన మైనర్లు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2014లోనే చెప్పింది. ఫారం వాడే నింపాలి, కౌంటర్ దగ్గర వాడే మాట్లాడాలి.

తెనాలిలో మంచి కాలేజీ దొరికితే ఇంట్లో ఉంచే చదివించండి. హాస్టల్ తప్పకపోతే, చేర్చే ముందు వాడిని ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లి, చదువుతున్న పిల్లలతో మీరు లేకుండా మాట్లాడనివ్వండి. పబ్లిక్ పరీక్షలప్పుడు అన్నం పని మీరు తీసుకోండి, తిన్న కంచం మాత్రం వాడినే కడగనివ్వండి.