గాలి దిగిపోతున్న కైట్: ముందు క్లిప్పులు వేసి చూడు

తమ్ముడూ, రామేశ్వరంలో గట్టిగా గాలి కొట్టిన కైట్ (నీళ్ళ మీద మనల్ని లాగే కైట్‌సర్ఫింగ్ గాలిపటం) గంట తిరక్కముందే మెత్తబడుతోంది, కొత్త బ్లాడర్ (లోపలి గాలి సంచి) కొనాలా అన్నావు కదా, ఆగు, అప్పుడే డబ్బులు తగలెయ్యకు. నీది వన్ పంప్ కైట్, అంటే ఒక్క చోట కొడితే అంతా నిండేది, కాబట్టి లీడింగ్ ఎడ్జ్ (ముందంచు లావు ట్యూబు) నుంచి ప్రతి స్ట్రట్‌కీ (దానికి అడ్డంగా ఉండే ట్యూబు) గొట్టం ఉంటుంది, ఆ గొట్టాల క్లిప్పులు తెరిచి ఉంటే ఏ ఒక్కదాంట్లో కారినా అన్నిటి గాలీ అందులోంచే పోతుంది. అందుకే కైట్ మీద రాసినంత పీఎస్ఐ (గాలి ఒత్తిడి), మామూలుగా 6 నుంచి 8 మధ్యలో ఉంటుంది, అంత కొట్టి క్లిప్పులన్నీ బిగించి రాత్రంతా వదిలెయ్, పొద్దున ఏది మెత్తబడితే దొంగ అదే. (ఎగరేసేటప్పుడు కూడా క్లిప్పులు వేసే ఉంచాలి, బద్ధకించి చాలామంది వెయ్యరు.)

లీడింగ్ ఎడ్జే అని తేలితే సబ్బునీళ్ళు వాల్వ్ చుట్టూ పోసి చూడు. మూత దగ్గర బుడగలొస్తే చాలావరకు ఇసుకే, మంచినీళ్ళతో కడిగెయ్. వాల్వ్ మొదట్లో, బ్లాడర్‌కి అతికిన చోట వస్తే మాత్రం జిగురు వదిలేసిందన్నమాట, గాలి నింపిన కైట్‌ని ఎండలో పడేస్తే జరిగేది ఇదే. బ్లాడర్‌ని బయటికి లాగి, పాత వాల్వ్ పీకి, జిగురంతా ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త స్టిక్కర్ వాల్వ్ అతికించి ఒక రోజు బరువు కింద పెట్టు. పంక్చర్ షాపు సొల్యూషన్ మాత్రం పుయ్యకు, అది రబ్బరు ట్యూబులకి, ఈ టీపీయూ (ఒక రకం ప్లాస్టిక్) బ్లాడర్‌కి సరిగ్గా పట్టదు. లోపలికి తిరిగి తోసేటప్పుడు బ్లాడర్ మెలిక పడకుండా చూసుకో, నేను అలాగే ఒకటి పగలగొట్టుకున్నా.