స్విచ్ వేయకముందు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు తిప్పి తిప్పి చూశాను. హాలిక్రాఫ్టర్స్ కంపెనీ పాత వాల్వుల రేడియో రిసీవర్, డయల్ అద్దం పగల్లేదు, నాబ్‌లన్నీ ఉన్నాయి. అదృష్టవంతురాలివి. చివర్లో "ప్లగ్ పెట్టి చూడమంటావా మావయ్యా" అని అడిగావు చూడు, అది చదివాక మిగతా పనులు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. వద్దమ్మా. ఇన్నేళ్లు మూలన కూర్చున్న సెట్టు ఇంకో నెల కూర్చుంటే దానికేం కాదు. ఒక్క నిమిషం తొందరపడితే మాత్రం పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోవచ్చు. అన్నిటికంటే దొరకడం కష్టమైన భాగం అదే.

ఎందుకు మాడుతుందో చెబుతాను. డీసీని చదును చేసే ఫిల్టర్ కండెన్సర్ (ఇప్పుడు కెపాసిటర్ అంటున్నారు) లోపల అల్యూమినియం రేకు మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది. కరెంటు చూడకుండా ఏళ్లు గడిస్తే ఆ పొర దెబ్బతింటుంది. దాని మీద ఒక్కసారిగా 300 వోల్టులు పడితే కండెన్సర్ షార్ట్ అవుతుంది. ఆ భారమంతా ముందు ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు మీద, దాని వెనక ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. వేరియాక్ అనే, వోల్టేజ్ మార్చుకోగల ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజ్ మెల్లగా పెంచుకుంటూ పోతే పొర మళ్లీ కట్టుకుంటుందని చాలామంది చెబుతారు. మాట నిజమే. కానీ నీ సెట్టులో ఉన్నది వాల్వు రెక్టిఫయర్. హీటర్ సరిగా వేడెక్కేదాకా అది కరెంటు ఇవ్వదు, వేడెక్కాక ఒకేసారి ఇస్తుంది. కాబట్టి నువ్వు అనుకున్నంత మెల్లగా ఏమీ జరగదు. నేనైతే పాత ఎలక్ట్రోలిటిక్‌లను, అంటే ఈ రకం కండెన్సర్లను, నమ్మడం ఎప్పుడో మానేశాను, అన్నీ మార్చేస్తాను. పైన కనిపించే డబ్బాను మాత్రం పారేయకు. కింది నుంచి కోసి, లోపలి సరుకు తీసి, కొత్తవి అందులోనే అమర్చి మూసెయ్. కొత్తవి ఇప్పుడు చాలా చిన్నగా వస్తాయి, సులువుగా పడతాయి.

మొదటిసారి కరెంటు ఇచ్చే రోజున సెట్టుకు సిరీస్‌లో ఒక ఫిలమెంట్ బల్బు పెట్టు, 60 లేదా 100 వాట్లది. ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే పరవాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉందన్నమాట, వెంటనే ఆపెయ్. అంతకుముందే సెట్టు ఎన్ని వోల్టులకు తయారైందో వెనక పలక మీద చూడు. వీటిలో చాలావరకు 110, 115 వోల్టులవే.

నీ సెట్టుకు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, మంచిదే. ఇదే కంపెనీ 1946లో తెచ్చిన ఎస్-38 లాంటి చవక సెట్లలో అది ఉండదు, చాసిస్‌కే, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రానికే, మెయిన్స్ కరెంటు వచ్చే ప్రమాదం ఉంది. అలాంటివి ఎప్పుడు చేతికొచ్చినా, సెట్టును మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు. వేరియాక్ ఐసొలేషన్ ఇవ్వదు. ఈ రెంటినీ ఒకటే అనుకుని షాక్ తిన్నవాళ్లు ఉన్నారు. నీ సెట్టులోనూ మెయిన్స్ నుంచి చాసిస్‌కు ఒక చిన్న కండెన్సర్ ఉండొచ్చు. అది షార్టయితే చాసిస్ మొత్తం షాక్ కొడుతుంది. తీసెయ్. మళ్లీ పెట్టాలనుకుంటే అందుకోసమే చేసిన వై క్లాస్ సేఫ్టీ కండెన్సరే పెట్టు. మూడు పిన్నుల ప్లగ్ వేసి చాసిస్‌కు ఎర్త్ ఇవ్వు.

ఇక అసలు పని. సర్క్యూట్ డయాగ్రమ్ దొరికించుకో. మార్చాల్సిన సామాన్ల పట్టీలా కాకుండా, చేసినాయన ఏమనుకున్నాడో తెలుసుకోవడానికి చదువు. ఈ రెసిస్టర్ ఇక్కడ ఎందుకుంది, ఇక్కడ ఎన్ని వోల్టులు ఉండాలి, లేకపోతే ఎవరు తినేస్తున్నారు? ఈ ప్రశ్నలు వేసుకోవడం వస్తే చాలావరకు పని వచ్చినట్టే. నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. నేర్చుకునే రోజుల్లో నా దగ్గరికి ఒక రిసీవర్ వచ్చింది. మొదటి పది నిమిషాలు చక్కగా పాడేది, తర్వాత గొంతు బొంగురుపోయేది. అవుట్‌పుట్‌లో ఉన్న 6వి6 వాల్వు మామూలు కంటే బాగా వేడెక్కేది. వాల్వు పోయిందనుకుని మార్చాను. రెండు వారాలకు కొత్తదీ అదే దారి పట్టింది. ఇంకోటి కొనబోతూ ఆగి, అప్పటికి గానీ మీటరు తీయలేదు. గ్రిడ్ (వాల్వులోకి సిగ్నల్ వెళ్లే కాలు) మీద సున్నా ఉండాల్సిన చోట 5 వోల్టులు పాజిటివ్. వాల్వు పీకి మళ్లీ చూశాను, ఆ 5 వోల్టులు అలాగే ఉన్నాయి. అంటే తప్పు వాల్వుది కాదు. ముందు స్టేజీ వాల్వు ప్లేట్ (సిగ్నల్ బయటికొచ్చే కాలు) నుంచి గ్రిడ్‌కు వచ్చే పేపర్ కండెన్సర్ లీకవుతోంది. వాల్వు పీకగానే ఆ వోల్టేజ్ పోయి ఉంటే వాల్వునే అనుమానించాలి. ఆ ఒక్క కండెన్సర్ మార్చాక ఆ సెట్టు మళ్లీ బొంగురుపోలేదు. నీ సెట్టులో మైనం పూసిన పేపర్ కండెన్సర్లు ఎన్ని కనిపిస్తే అన్నీ మార్చు, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు వెయ్. మైకా కండెన్సర్లు సాధారణంగా గట్టివి, ఊరికే కదిలించకు. కార్బన్ రెసిస్టర్లు వయసుతో పాటు విలువ పెంచుకుంటాయి, ఒక్కోదాన్ని కొలిచి, 20 శాతం దాటినవాటిని మార్చు.

ఒక భాగం మార్చు, వోల్టులు కొలువు, పుస్తకంలో రాయి. అప్పుడే రెండోది. ఒకేరోజు ఇరవై మార్చి, సెట్టు మూగబోయాక ఏది తప్పుగా టంకం పెట్టామో తెలియక తలపట్టుకున్న రోజులు నాకున్నాయి. నీకు ఆ టెన్షన్ వద్దు.

శుభ్రం చేయడం తేలికైన పని అనుకుంటారు. నిజానికి బాగున్న సెట్లు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. ముందు పలక మీది అక్షరాలు స్పిరిట్ తగిలితే ఊడిపోతాయి. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, దూది పుల్ల, అంతే. చాసిస్ మీద తెల్లటి, పసుప్పచ్చటి పొడి ఉంటే కాడ్మియం పూత అయ్యుండొచ్చు. అది విషం. గరుకు కాగితంతో రుద్దకు, చేతులకు గ్లవుజులు వేసుకుని తడిగుడ్డతో తుడువు, ఆ గుడ్డ పారెయ్. ట్యూనింగ్ కండెన్సర్ రేకుల మధ్య వేలు పెట్టకు. బ్యాండ్ స్విచ్ మీద క్లీనర్ స్ప్రే కొట్టకు. సన్న బ్రష్‌తో కాంటాక్టుకు ఒక చుక్క చొప్పున అద్దు, స్విచ్ లోపలి పలకలు తడి పీల్చుకుంటాయి.

నీకంటే ముందు ఈ సెట్టులో చేతులు పెట్టినవాళ్లు ఉంటారు. వాళ్ల పని కూడా చదవడం నేర్చుకో. హీత్‌కిట్ సెట్లు విడిభాగాలుగా వచ్చేవి, కొన్నవాళ్లే ఇంట్లో కూర్చుని కట్టుకునేవాళ్లు. ప్రతి అడుగు పక్కన టిక్కు పెట్టుకోవడానికి మాన్యువల్‌లో చోటుండేది. అలా కట్టిన ఒక సెట్టు, దాని మాన్యువల్‌తో సహా నా చేతికొచ్చింది. పేజీ తర్వాత పేజీ పెన్సిల్ టిక్కులు. ఒక్క చోట లేదు. చాసిస్ తిరగేసి ఆ జాయింటు దగ్గర భూతద్దం పెట్టి చూశాను. వైరు లగ్గుకు (టంకం పెట్టే లోహపు చెవికి) బిగించి చుట్టి ఉంది, టంకం పడలేదు. ఎవరో పిలిస్తే లేచి వెళ్లి ఉంటాడు పాపం. ఆ చుట్టు మీదే ఆ సెట్టు ఇన్నేళ్లూ పనిచేసి, వైరు నల్లబడ్డాక ఆగిపోయింది. నేను టంకం పెట్టి, అదే పెన్సిల్ రకంతో ఆ గడిలో టిక్కు పెట్టి, పక్కన తేదీ రాశాను. నువ్వూ అలాగే, ఏం మార్చావో ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అతికించు. తీసిన భాగాలు ఒక కవరులో దాచు.

అలైన్‌మెంట్, అంటే సెట్టు లోపలి ట్యూనింగును సరైన ఫ్రీక్వెన్సీకి కుదర్చడం, చిట్టచివరి పని. అప్పటిదాకా ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) డబ్బాల మీది స్క్రూలు తాకవద్దు. అవి సాధారణంగా 455 కిలోహెర్ట్జ్‌కు కుదిర్చి ఉంటాయి, కొద్దిగా తప్పినా సెట్టు పాడుతూనే ఉంటుంది. మిగతావన్నీ సరిచేశాక, సెట్టు గంటసేపు వేడెక్కాక, ప్లాస్టిక్ టూల్‌తో మెల్లగా చెయ్. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే కోర్ పగలొచ్చు.

ట్రాన్స్‌మిటర్ సంగతి ఇప్పుడే వద్దు. ముందు హామ్ రేడియో లైసెన్స్ తెచ్చుకో, రెండు మూడు రిసీవర్లు చెయ్. ట్రాన్స్‌మిటర్లలో 600, 800 వోల్టులు ఉంటాయి, స్విచ్ ఆపినా కండెన్సర్లలో నిలిచే ఉంటాయి. ఆ నిల్వను ఖాళీ చేయాల్సిన బ్లీడర్ రెసిస్టర్ తెగిపోయి ఉండొచ్చు. ప్లగ్ పీకి, ఇన్సులేటెడ్ పిడి ఉన్న రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. రెండో చెయ్యి వీపు వెనకే ఉండాలి. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను అలాగే చేస్తాను. రిసీవర్‌లో వోల్టులు తక్కువే అయినా ఈ అలవాటు ఇప్పటినుంచే చేసుకో.

కొన్నాళ్లకు మీటరు తీయకముందే నీ చెవి చెప్పడం మొదలుపెడుతుంది. మెయిన్స్ 50 హెర్ట్జ్ అయితే, ఫిల్టర్ కండెన్సర్ పోయినప్పుడు వచ్చే హమ్ (గుయ్‌మనే మోత) 100 హెర్ట్జ్‌లో ఉంటుంది. వాల్వులో హీటర్ నుంచి క్యాథోడ్‌కు లీకయితే 50లో, ఇంకా బరువుగా వినిపిస్తుంది. నాకు ఇప్పుడు కళ్లు తగ్గాయి, భూతద్దం లేకుండా టంకం పెట్టలేను. ఆ రెండు హమ్‌ల తేడా మాత్రం పక్క గదిలోంచి కూడా తెలుస్తుంది. ఒక్కో సెట్టు దగ్గర కూర్చుని వింటూ ఉంటేనే అది పట్టుబడుతుంది, నేర్పితే వచ్చేది కాదు.

ఈ ఆదివారం ఇంతవరకే చెయ్. అడుగు పలక విప్పి నాలుగు వైపులా ఫోటోలు తియ్. రెక్టిఫయర్ వాల్వు బయటికి తీసి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ హైటెన్షన్ (ఎక్కువ వోల్టుల) చుట్టులో మధ్య నుంచి తీసిన వైరు, అంటే మధ్య ట్యాప్ నుంచి ఒక్కో చివరకు రెసిస్టెన్స్ కొలువు. రెండూ దగ్గరగా రావాలి. కాస్త తేడా వస్తే కంగారుపడకు, బయటి చుట్లకు వైరు ఎక్కువ పడుతుంది. ఆ రెండు అంకెలూ రాసి పంపు. చూశాక బల్బు ఎప్పుడు తగిలించాలో చెబుతాను.

నీ మావయ్య