విలన్‌ని రాసే ముందు ఒక్కసారి ఆగు

తమ్ముడూ,

నీ కథ చదివాను. చదివించే గుణం ఉంది నీ రాతలో, అందులో డౌటే లేదు. కానీ ఆ కుర్రాడు సొంత అక్క డబ్బు కాజేసి, ఆమె ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు కదా, ఎందుకలా చేశాడూ అంటే నీ దగ్గరున్న జవాబు ఒక్కటే, వాడు సైకో కాబట్టి. అది జవాబు కాదురా. చదివేవాళ్ళు అక్కడితో ఆగిపోతారు, వాడు వేరే జాతి మనం వేరే జాతి అనుకుని హాయిగా పడుకుంటారు.

నువ్వు చూపించిన అబద్ధాలు, మోసాలు, తెగింపు, చేసిన దానికి కాస్తైనా బాధ లేకపోవడం, ఇవన్నీ డాక్టర్లు యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అనేదానికి దగ్గరగానే ఉన్నాయి. అయితే 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి సైకియాట్రిస్టులు వాడే అమెరికా పుస్తకం) ప్రకారం 18 ఏళ్ళు నిండనివాళ్ళకి ఆ పేరు పెట్టకూడదు, పైగా 15 ఏళ్ళలోపే కాండక్ట్ డిజార్డర్ (పిల్లలు పదేపదే ఇతరుల్ని బాధపెట్టడం, నియమాలు మీరడం) ఛాయలు కనపడి ఉండాలి. అంటే ఈ మనిషి ఒక్కరోజులో ఇలా తయారవ్వలేదు. చిన్నప్పుడే జంతువుల్ని హింసించడం, దొంగతనాలు, ఇంట్లోంచి పారిపోవడం, తోటి పిల్లల్ని కొట్టడం, వీటిలో ఏదో ఒకటి టీచరో పక్కింటివాళ్ళో చూసే ఉంటారు. చూసి ఏం చేశారు? బెల్టు తీశారు, లేదా స్కూల్ నుంచి పంపించేశారు. నీ కథలో ఆ ఏళ్ళన్నీ "చిన్నప్పటినుంచీ వాడంతే" అన్న ఒక్క లైన్‌లో అయిపోయాయి, నాకు అక్కడే కోపం వచ్చింది.

లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పిల్లల క్లినిక్‌కి ఒకప్పుడు వచ్చినవాళ్ళని సుమారు 30 ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని ఎలా ఉన్నారో చూసింది, 1966లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పెద్దయ్యాక ఇలా ఉన్నవాళ్ళందరికీ దాదాపుగా చిన్నప్పుడే ఆ గొడవలు ఉన్నాయి, కానీ అలాంటి గొడవలు చేసిన పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక ఇలా అవ్వలేదు. ఈ రెండో సగాన్ని జనం వినరు. పదేళ్ళ పిల్లాడిని చూసి వీడు రేపు హంతకుడవుతాడు అనేసేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది, ఎందుకంటే ఆ వయసులోనే కదా చెయ్యగలిగింది ఎక్కువ ఉండేది, అమ్మానాన్నలకి పిల్లాడితో ఎలా మెలగాలో నేర్పించే ట్రైనింగ్ పనిచేసేదీ అప్పుడే. అలాగని తప్పంతా తల్లి పెంపకం మీదకి నెట్టెయ్యకు, జన్యువుల పాత్రా ఉంది, చిన్నప్పుడు పడ్డ హింస పాత్రా ఉంది, ఏ ఒక్కటీ మొత్తం కథ చెప్పదు.

పెద్దయ్యాక సంగతి కష్టమే, దాచను. ఈ డిజార్డర్‌కంటూ మందు బిళ్ళ లేదు. బ్రిటన్‌లో డాక్టర్లకి వైద్య సూచనలు ఇచ్చే నైస్ సంస్థ 2009లో ఇచ్చిన గైడ్‌లైన్ కూడా దీనికి మామూలుగా మందులు వాడొద్దనే అంటుంది, గ్రూపుగా కూర్చోబెట్టి ఆలోచన, ప్రవర్తన మీద పనిచేసే థెరపీ చూడమంటుంది, తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్ లాంటివి ఉంటే వాటికి ట్రీట్‌మెంట్ మానొద్దంటుంది. సమాజం మాత్రం అంతా అయిపోయాక జైల్లో వీళ్ళని కలుస్తోంది. 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్షలో 12 దేశాల జైలు సర్వేలు కలిపి చూస్తే మగ ఖైదీల్లో 47 శాతం మందిలో ఇది కనపడింది. చట్టాన్ని లెక్కచెయ్యకపోవడం లక్షణాల్లోనే ఉంది కాబట్టి అంకె పెద్దగా రావడం వింతేం కాదు, కానీ అంతమంది ఒకేచోట ఉన్నప్పుడు థెరపీ అక్కడైనా మొదలవ్వాలి కదా, ఊరికే తాళం వేసి శిక్ష అయ్యాక బయటికి వదిలేస్తే ఎవరికి లాభం? ఇంకోటి, ఈ డిజార్డర్ ఉన్నవాళ్ళంతా హంతకులు కాదు. ఉద్యోగం నిలవక, అప్పులు చేసి, తాగి, తొందరగా చచ్చిపోయేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ గురించి ఎవరూ రాయరు.

అర్థం చేసుకోవడమంటే వదిలెయ్యడం కాదు. తను చేసేదేంటో ఈ మనిషికి తెలుసు, అందుకే కోర్టులు సాధారణంగా దీన్ని మతిస్థిమితం లేకపోవడంగా లెక్కించవు. శిక్ష ఉండాలి, సాయమూ ఉండాలి, రెండూ ఒకే మనిషికి. అలాగే మనల్ని బాధపెట్టిన ప్రతివాడికీ ఈ పేరు తగిలించకు, అది సైకియాట్రిస్ట్ కూర్చుని, పాత చరిత్రంతా చూసి చెప్పాల్సిన మాట.

ఇక ఆ అక్క. చివర్లో ఆమె చేత తమ్ముడిని క్షమింపజేశావు, ఎందుకు? మోసపోయిన మనిషి క్షమించక్కర్లేదు, వాడిని అర్థం చేసుకునే బరువు కూడా ఆమె మీద పెట్టకు, ఆ పని చుట్టూ ఉన్న మనందరిదీ. ఆమె తలుపు వేసుకోవచ్చు, పోలీసులకి చెప్పొచ్చు, ఫోన్ నెంబర్ మార్చుకోవచ్చు, ఇవన్నీ చేశాక కూడా తమ్ముడి కోసం దిగులుపడొచ్చు. ఆ చివరి సీన్ తీసేసి, ఆమె ఏం చేస్తుందో ఆమెనే అడిగి రాయి. రాశాక పంపు, చదువుతాను.

ప్రేమతో,
అన్నయ్య