హంతకులు నిలబడి ఉన్నారా, ఉన్నాయా?

సందేహం: లండన్‌లోని మేడమ్ టుస్సాడ్ మైనపు బొమ్మల ప్రదర్శనలో హంతకుల బొమ్మలుండే గది మీద రిచర్డ్ డోయల్ గీసిన వ్యంగ్యచిత్రం 1849లో ‘పంచ్’ పత్రికలో వచ్చింది. నా వ్యాసంలో ఆ చిత్రం కింద ‘హంతకులు నిలబడి ఉన్నారు, జనం ఎగబడి చూస్తున్నారు’ అని రాశాను. అవి బొమ్మలు కాబట్టి ‘ఉన్నాయి’ అనాలని మిత్రుడి వాదన. ఏది ఒప్పు?

సమాధానం: మీరు రాసిందే ఒప్పు. క్రియ కర్తగా ఉన్న మాటను బట్టి మారుతుంది. ఆ మాట వెనక ఉన్నది మనిషా మైనమా అన్నది దానికి పట్టదు. ‘హంతకులు’ మహద్వాచకం, అంటే పురుషులను చెప్పే మాట, కాబట్టి ‘ఉన్నారు’. ‘హంతకుల బొమ్మలు’ అంటే మాత్రం ‘ఉన్నాయి’. గుళ్ళో రాముడు ఉన్నాడు, రాముడి విగ్రహం ఉంది అనడంలో మనం ఎప్పుడూ తడబడం. ‘బొమ్మలు నిలబడి ఉన్నారు’ అన్నప్పుడే చిక్కు.

2017లో బ్యాంకాక్ టుస్సాడ్స్‌లో ప్రభాస్ మైనపు బొమ్మ పెట్టారు. ‘బ్యాంకాక్‌లో ప్రభాస్ ఉన్నాడు’ అని రాస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది. షూటింగ్‌కి వెళ్ళాడనుకున్న అభిమానిని మాత్రం తప్పుపట్టలేం.

విక్టోరియా రాణిగారి దగ్గర తమాషా ఉంది. చిన్నయసూరి చెప్పినట్టు స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోను (జంతువులు, వస్తువుల పేర్లతోను), బహువచనంలో మహత్తులతోను (పురుషులను చెప్పే మాటలతోను) నడుస్తాయి. అందుకే ‘విక్టోరియా ఉంది’, ‘విక్టోరియా బొమ్మ ఉంది’ రెండింటికీ ఒకటే క్రియ. పక్కన భర్త ఆల్బర్ట్‌ని నిలబెట్టి ‘ఇద్దరూ’ అనగానే ‘ఉన్నారు’ వచ్చేస్తుంది. గౌరవానికి ‘రాణిగారు ఉన్నారు’ అంటే ఆ గొడవే లేదు.

అసలు ఇబ్బంది ‘జనమూ బొమ్మలూ’ కలిసి కర్త అయినప్పుడు. ‘ఉన్నారు’ అంటే బొమ్మలకు ప్రాణం వస్తుంది, ‘ఉన్నాయి’ అంటే జనానికి పోతుంది! నన్నడిగితే వాక్యాన్ని విడగొట్టడమే మేలు: ‘బొమ్మల మధ్య జనం తిరుగుతున్నారు’. ఆ ప్రదర్శనలో ఈ కలగాపులగం కావాలని చేసిందే. బేకర్ స్ట్రీట్‌లో ఉన్నరోజుల్లో విలియం కాబెట్ అనే రచయిత బొమ్మను చూడవచ్చిన వాళ్ళ మధ్యే కూర్చోబెట్టారు. లోపలున్న యంత్రంతో తల తిప్పేది. పక్కన కూర్చున్నవాళ్ళు మనిషే అనుకుని మోసపోయేవారు. అలాంటి చోట ‘కాబెట్ కూర్చున్నాడు’ అంటేనే ఆ సరదా దక్కుతుంది.

ఇక ‘జనం చూస్తున్నారు’ సరే, ‘జనం చూస్తోంది’ కూడా వాడుకలో ఉంది. ‘జనాలు’ నాకు అంతగా రుచించదు గాని, తప్పనను.

పాఠకులు నిజం హంతకులే అనుకుంటారని మీ మిత్రుడికి టెన్షనైతే, మొదటిసారి ‘హంతకుల మైనపు బొమ్మలు’ అనేయండి. అప్పట్లో మామూలు టికెట్టు షిల్లింగ్, హంతకుల బొమ్మలున్న గది చూడాలంటే ఇంకో ఆరు పెన్నీలు అని కూడా రాయండి. ఆ తర్వాత ‘హంతకులు ఉన్నారు’ అంటే ఎవరూ కంగారుపడరు.