ముందు కదలని రేకు ఏదో చూడు, తర్వాత పానా పట్టు

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య దీవెనలు. నువ్వు పంపిన ఫోటోలు ఒకటికి రెండుసార్లు పెద్దవి చేసి చూశాను. స్విఫ్ట్ మంచి బండే కొన్నావు. ఎడమ వైపు టెయిల్ లైటు పైన లోపలికి దిగింది, కింద బయటికి పొడుచుకొచ్చింది. బంపర్ మూల చక్రం పైన విడిపోయి వేలాడుతోంది. డిక్కీ డోరు సందు కుడి వైపు సన్నగా, ఎడమ వైపు వెడల్పుగా ఉంది. షెడ్డుకు తీసుకెళ్తే ఎంత చెబుతారోనని టెన్షన్ పడుతున్నావు కదా. రేకు వంగకపోతే ఇదంతా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. వంగిందో లేదో తేలేదాకా మాత్రం ఒక్క బోల్టు కూడా వదులు చేయకు.

ఆటోనగర్‌లో టింకరింగ్ నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు ముందు కంటికి వంకరగా కనిపించేదాని మీదే చెయ్యి వేస్తారు. లైటు వంకరగా ఉంటే లైటే విప్పుతారు, బంపర్ జారితే బంపరే గుంజుతారు. తీరా చూస్తే తేడా ఇంకెక్కడో ఉంటుంది. గుమ్మం నిలబెట్టకుండా ఏ వడ్రంగీ తలుపు బిగించడు. కారు పని కూడా అంతే. వెనక చక్రం పైనుండే క్వార్టర్ ప్యానెల్, పైకప్పు, బంపర్ చాటున ఉండే బ్యాక్ ప్యానెల్ వెల్డింగ్‌తో బాడీకి అతికినవి, కదలవు. డిక్కీ డోరు, లైటు, బంపర్ మాత్రం బోల్టుల మీదా క్లిప్పుల మీదా నిలబడతాయి. అందుకే కదలని రేకును చూసి డోరు కుదర్చాలి, ఆ రెండింటినీ చూసి లైటు, లైటును చూసి బంపర్. ఈ వరస తప్పితే ఒక సందు మూసేసరికి పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది, సాయంత్రం దాకా తిప్పలు పడినా పని తెమలదు.

కాబట్టి ముందు కొలత. బండిని చదునైన నేల మీద, నీడలో పెట్టు. డిక్కీ డోరు పూర్తిగా ఎత్తి, చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ లాగి పక్కన పెట్టు. ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు, కుడి పైమూల నుంచి ఎడమ కిందిమూలకు టేపు పట్టి చూడు. రెండు వైపులా ఒకేలా ఉండే గుర్తులు ఎంచుకోవాలి, పైన కీలు బోల్టు, కింద లైటు బోల్టు లాంటివి. రెండు కొలతలకూ రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఐదు దాటిందంటే బాడీ గుంజుకుపోయినట్టే. అది షెడ్డులో బాడీ సరిచేసే బెంచీ మీద బండిని కట్టి లాగాల్సిన పని, ఇంట్లో సుత్తి పట్టుకుని మొదలుపెట్టకు.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇంకొకటి కూడా చూడు. డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంట చుట్టూ టార్చి వేసి చూడు. కంపెనీలో రేకుల అతుకుల మీద వేసిన సీలెంట్ రెండు వైపులా ఒకే తీరున ఉంటుంది. ఒక వైపు వేలితో రుద్దిన గీతలు కనిపించినా, రేకు మీద నలిగిన ముడతల్లాంటివి ఉన్నా, రంగు ఒక పక్కనే కొత్తగా మెరుస్తున్నా, వెనక నుంచి దెబ్బ తగిలి బాగుచేశారేమోనని అనుమానించాలి. అలాగైతే ఆగిపోయి నాకు ఫోన్ చెయ్యి.

సందుల లెక్కకు పాత ఏటీఎం కార్డులు పనికొస్తాయి. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, అంటే నాలుగు కలిపితే మూడుకు కాస్త పైన. మామూలు బండ్లలో సందులు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. పై నుంచి కింది దాకా అక్కడక్కడా కార్డులు దూర్చి, ఎన్ని పట్టాయో మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే అతికించు. చేతికి అందిన లెక్క ఉంటే కళ్లు మోసపోవు.

ఇక డిక్కీ డోరు. వెంటనే కీళ్ల జోలికి వెళ్లకు. చాలాసార్లు డోరును ఒక పక్కకు లాగేది కింద తాళం పట్టుకునే స్ట్రైకరే. దాని చుట్టూ మార్కర్‌తో గీత గీసి, అప్పుడు దాని బోల్టులు విప్పి పక్కన పెట్టు. ఇప్పుడు డోరును చేత్తో మెల్లగా దించి, ఎక్కడ దానంతటది కుదురుకుంటుందో చూడు. సందులు రెండు వైపులా సమానంగా వచ్చాయంటే కీళ్లు బాగున్నట్టే, స్ట్రైకర్‌ను మళ్లీ బిగించేటప్పుడు ఆ స్థానానికి జరిపితే సరిపోతుంది. బిగించిన ప్రతిసారీ మెల్లగా మూసి చూడాలి, తాళం నోరు స్ట్రైకర్ మధ్యకు రావాలి. దబీమని వేశావంటే తాళం ఇరుక్కుని డోరు మళ్లీ తెరుచుకోదు. ఎత్తుపల్లాల తేడా ఉంటే డోరు అంచుల దగ్గరుండే రబ్బరు స్టాపర్లను తిప్పు, అవి మర తిప్పినట్టు లోపలికీ బయటికీ వస్తాయి. కీళ్లు కదపక తప్పకపోతే మాత్రం రెండో మనిషి ఉండాల్సిందే. ఆ డోరును పైన పట్టుకునేవి గ్యాస్ రాడ్లు. వాటిని నమ్మి ఒక్కడివే బోల్టులు వదులు చేస్తే డోరు ఒక పక్కకు ఒరిగి, రూఫ్ అంచును చెక్కేస్తుంది. ఆ దెబ్బకు పుట్టీ, పెయింటు ఖర్చు వేరే.

డోరు కుదిరాక లైటు. పని మొదలుపెట్టే ముందు తాళం చెవి తీసెయ్యి, బ్యాటరీ నెగటివ్ విప్పు. లైటు చుట్టూ రంగు మీద మాస్కింగ్ టేపు వెయ్యి. డోరు ఎత్తితే లైటు లోపలి అంచున రెండు బోల్టులు కనిపిస్తాయి, సరిపడే గొట్టం పానాతో వచ్చేస్తాయి. బయటి వైపు బోల్టు ఉండదు, లైటుకు ఉన్న ప్లాస్టిక్ పిన్నులు బాడీలోని బుష్‌లలోకి, అంటే పిన్నును పట్టి ఉంచే చిన్న గూళ్లలోకి దిగి ఉంటాయి. కొత్తవాళ్లు ఇక్కడే విరగ్గొడతారు. లైటును పక్కకు తిప్పకుండా, బండి వెనక్కి తిన్నగా లాగాలి. రాకపోతే మొనకు బట్ట చుట్టిన ప్లాస్టిక్ గరిటె కాడతో కొద్దికొద్దిగా వదులు చెయ్యి. ఉక్కు స్క్రూడ్రైవర్ మాత్రం పెట్టొద్దు.

చేతిలోకి వచ్చాక బల్బు హోల్డర్లు తిప్పి తీసి, లైటు వెనక భాగాన్ని నింపాదిగా చూడు. పిన్ను విరిగిందా, బుష్ ఊడి లోపల ఎక్కడో పడిందా, చుట్టూ ఉండే ఫోమ్ గ్యాస్కెట్ ఒక చోట నలిగి మడత పడిందా. నీ ఫోటోలో కింది భాగం పొడుచుకొచ్చిన తీరు చూస్తే బుష్ సరిగా కూర్చోలేదనే నా అనుమానం. బుష్‌లు, క్లిప్పులు ఖరీదైనవి కావు. రాణీగంజ్‌లో స్పేర్ షాపుకు పాతది తీసుకెళ్లి చూపించి తెచ్చుకో, నాలుగు ఎక్కువే తెచ్చుకో. లైటే మారి ఉందేమో కూడా చూడు. కుడి ఎడమ లైట్ల మీద కంపెనీ ముద్రలు ఒకేలా లేకపోతే ఒకటి డూప్లికేట్ అయి ఉండొచ్చు. డూప్లికేట్ లైటు చాలాసార్లు ఎంత సర్దినా ఒరిజినల్‌లా కూర్చోదు, దాని కోసం బాడీని కొట్టడం, వంచడం చేయకు.

తిరిగి బిగించేటప్పుడు పిన్నులు బుష్‌లలో టక్కుమని పడ్డాక, రెండు బోల్టులూ ముందు చేత్తో తిప్పి, లైటును అరచేత్తో అటూ ఇటూ కొద్దిగా జరిపి సందు చూసుకో. బోల్టు రంధ్రాల్లో ఆ కాస్త వెసులుబాటు ఉంటుంది. ఒకటి కాస్త, ఇంకొకటి కాస్తగా మార్చిమార్చి బిగించు. పానా ఆగిన చోట నువ్వూ ఆగు. బలం పెడితే ప్లాస్టిక్ చెవి చిట్లుతుంది, అప్పుడు లైటే కొత్తది కొనాలి.

బంపర్ చివర చెప్పడానికి కారణం ఉంది. అది లైటు కింద అంచునే పట్టుకుని కూర్చుంటుంది. మూల ఊడిందంటే సాధారణంగా లోపలుండే సైడ్ బ్రాకెట్ పళ్లు విరిగి ఉంటాయి, లేదా చక్రం గూడు లోపలి స్క్రూ పడిపోయి ఉంటుంది. విరిగిన బ్రాకెట్ మీద ఫెవిక్విక్ నిలవదు, కొత్తది వెయ్యి. ఎండకు పాతబడిన క్లిప్పులు పెళుసెక్కి ఉంటాయి, విప్పే ముందు హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెడితే వంగుతాయి. పార్కింగ్ సెన్సర్లుంటే వాటి వైరు కనెక్టర్ ముందు విప్పాకే బంపర్‌ను దూరం జరుపు.

సైడ్ డోర్ల సందుల గురించి కూడా అడిగావు. డోరును సగం తెరిచి, చివర పట్టుకుని పైకెత్తు. ఎత్తినప్పుడు కీలు దగ్గర ఆట కనిపిస్తే కీలు పిన్ను అరిగిందన్నమాట, అడ్జస్ట్‌మెంట్ దానికి మందు కాదు. ఆట లేకపోతే వాటిని కదపొద్దు. ముందు డోరు వెనక అంచు, వెనక డోరు కంటే వెంట్రుకవాసి బయటికి ఉన్నా తప్పేం కాదు. ఎదురుగాలి సందులో దూరి ఈల వేయకుండా అలా పెడతారు. అదే తిరగబడి, వెనక డోరు అంచు బయటికి వస్తే హైవే మీద చెవుల్లో హోరు.

పనిలో ఎక్కడైనా రంగు లేచి రేకు కనిపిస్తే ఆ రోజే ప్రైమర్ రాసి టచప్ వెయ్యి. వానాకాలం దాకా వదిలేస్తే తుప్పు రంగు కిందకు పాకుతుంది.

అంతా అయ్యాక బ్యాటరీ తగిలించి, చీకటి పడ్డాక బండి వెనక భాగాన్ని గోడకు దగ్గరగా పెట్టి లైట్లు వెయ్యి. బ్రేకు, ఇండికేటర్, రివర్స్ ఒక్కొక్కటిగా చూడు. బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ కూడా మసకగా వెలిగితే హోల్డర్ దగ్గర ఎర్త్ సరిగా లేదు, ఆ టెర్మినల్ గీకి శుభ్రం చెయ్యి. రాత్రి నీ వెనక వచ్చే లారీ డ్రైవర్‌కు నువ్వు కనిపించేది ఆ రెండు లైట్ల వల్లే, అందుకే ఇంతగా చెబుతున్నాను. తర్వాత లైటు వెనక డిక్కీలో పాత పేపరు పరిచి, బయట నుంచి పైపుతో పది నిమిషాలు నీళ్లు పట్టు. పేపరు తడిస్తే గ్యాస్కెట్ సరిగా పడలేదు, లైటు మళ్లీ విప్పి కూర్చోబెట్టు. పొడిగా ఉంటే ఆ ఎడమ వైపు ఫోటో ఒకటి తీసి పంపు, డిక్కీ కొలతలు కూడా రాసి పంపు.

అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య,
విజయవాడ